ఇంటి గుర్తు

మొన్న శనివారం వానలో సరుకులు తెచ్చుకుని ఇంట్లోకి వస్తుంటే, కాగితం సంచి అడుగు నానిపోయి గడప దగ్గరే చిరిగింది. ఉల్లిపాయలు వరండా అంతా దొర్లాయి. ఏరుకుందామని వంగితే ఆ తడి ఖాకీ కాగితం వాసన గుప్పున తగిలింది. ఉల్లిపాయల్ని అలాగే వదిలేసి మెట్టు మీద కూర్చున్నాను. నాకది పదకొండో తరగతి ఇంగ్లీషు పుస్తకాల వాసన.

తెనాలిలో పదో తరగతి పరీక్షలు రాసి, ఆ వేసవిలోనే అమ్మతో కలిసి న్యూజెర్సీ వచ్చాను. నాన్న అప్పటికే ఏడాదిన్నరగా ఇక్కడ కోబాల్ అనే కంప్యూటర్ భాష మీద పని చేస్తున్నారు. రెండు గదుల అపార్ట్‌మెంట్, కింద లాండ్రీ గది, రోడ్డుకి అవతల సరుకుల కొట్టు. నా మార్కుల కాగితం అటూ ఇటూ తిప్పి చూసి స్కూలువాళ్ళు నన్ను పదకొండో గ్రేడ్‌లో వేశారు. ఆ ఏడాది ఇంగ్లీషు అంటే మొత్తం అమెరికన్ సాహిత్యమే. మొదట్లో ఇంగ్లండు నుంచి వలసవచ్చిన మతనిష్ఠ గల ప్యూరిటన్లతో మొదలుపెట్టి, వరసగా కాలం వెంట నడుచుకుంటూ, జూన్‌కి ఇరవయ్యో శతాబ్దం దాకా వచ్చేవాళ్ళం.

మొదటి రోజే టీచర్ ఒక్కో పుస్తకం చేతికిచ్చి, ఇవి స్కూలువి, జూన్‌లో వెనక్కి ఇవ్వాలి, శుక్రవారంలోపు అట్టలు వేసుకురండి అన్నారు. సరుకుల సంచి కత్తిరించి వేయాలని బోర్డు మీద బొమ్మ గీసి చూపించారు. ఆ రోజు క్లాసులో చెప్పిన వాటన్నిటిలో నాకు బాగా తెలిసిన పని అదొక్కటే. తెనాలిలో జూన్ నెల అంటే అట్టల నెల. మడత ఎక్కడ పెట్టాలో, మూల ఎలా కొయ్యాలో చేతులకే తెలుసు. ఆ సాయంత్రం అమ్మా నేనూ కార్పెట్ మీద కూర్చుని, సంచుల్ని విప్పదీసి, కొట్టు పేరు లోపలివైపుకి వచ్చేలా తిప్పి, నాలుగు పుస్తకాలకి అట్టలు వేశాం. అన్నం మెతుకులతో అంటించడానికి అమ్మ చేయి వెళ్ళింది కానీ, నాన్న టేపు తెచ్చిచ్చారు. తర్వాత వానాకాలమంతా బస్ స్టాప్‌లో ఆ అట్టలు తడిసి, ఆరి, మళ్ళీ తడిసి, పుస్తకం తెరవగానే అదే వాసన.

పుస్తకం లోపలి అట్ట మీద ఒక ముద్ర ఉండేది. గళ్ళు గీసి ఉండేవి. ఏ ఏడాది, ఎవరికిచ్చారు, పుస్తకం ఎలా ఉంది. మొదటి గడిలో 'న్యూ', తర్వాత 'గుడ్', ఆ తర్వాత 'ఫెయిర్'. నాకంటే ముందు ఆ పుస్తకం చదివినవాళ్ళ పేర్లన్నీ ఒకదాని కింద ఒకటి, ఒక్కొక్కరి చేతిరాతలో. ఆ పేర్లు చదువుతుంటే, వాళ్ళంతా ఈ ఊళ్ళోనే ఎక్కడో ఉంటారు కదా అనిపించేది. నా పేరు ఆ గడిలో పట్టలేదు. ఇంటిపేరు ముందు రాయాలో వెనక రాయాలో కూడా అప్పటికి తేలలేదు. పక్క గడిలోకి జరిగి చిన్న అక్షరాలతో రాశాను.

*

హాజరు వేసేటప్పుడు ప్రతి క్లాసులోనూ ఒకచోట టీచరు ఆగేవారు. ఆ మౌనమే నా పేరు. ఆగారంటే నేను చెయ్యెత్తేదాన్ని. ఇంగ్లీషు టీచరు మాత్రం మొదటి వారం క్లాసయ్యాక నన్ను ఆగమని, నీ పేరు మెల్లగా చెప్పు అని, తను పలికి, మళ్ళీ చెప్పమని, ఆకుపచ్చ ఇంకుతో రిజిస్టరులో ఆ శబ్దాలు విడదీసి రాసుకున్నారు. తెల్ల జుట్టు, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళజోడు, చేతిలో ఎప్పుడూ చల్లారిపోయిన కాఫీ. 'ళ' ఆవిడకి చివరిదాకా రాలేదు. కానీ ఆ ఏడాదంతా నా పేరు దగ్గర ఆవిడ ఒక్కసారీ ఆగలేదు.

అందుకేనేమో, అక్టోబర్‌లో 'ది క్రూసిబుల్' చదివినప్పుడు చివరి అంకం నాకు అంతగా పట్టుకుంది. ఆర్థర్ మిల్లర్ రాసిన నాటకం, 1953లో వేశారు. కథ మాత్రం 1692 నాటిది, మసాచుసెట్స్‌లోని సేలం అనే ఊరిది. కొందరు ఆడపిల్లలు ఫలానావాళ్ళు మంత్రగత్తెలని వేలు చూపిస్తే, 19 మందిని ఉరి తీశారు. జైల్స్ కోరీ అనే ముసలాయన కోర్టుకి జవాబే ఇవ్వనంటే, ఒంటి మీద బండలు పేర్చి చంపారు. డెస్కులన్నీ గోడవారకి జరిపి, తలా ఒక పాత్ర పంచి, గట్టిగా చదివించేవారు టీచర్. నాకు రెబెక్కా నర్స్ పాత్ర ఇచ్చారు. తక్కువ మాటలు, నెమ్మదిగా మాట్లాడే పెద్దావిడ. నా ఉచ్చారణ గురించి నేను పడే టెన్షన్ ఆవిడ కనిపెట్టే ఇచ్చారని నా నమ్మకం.

చివర్లో, మంత్రగాడని నింద పడ్డ రైతు జాన్ ప్రాక్టర్ అబద్ధపు వాంగ్మూలం మీద సంతకం పెట్టి కూడా, ఆ కాగితం చర్చి తలుపు మీద అంటిస్తామనగానే ఇవ్వనంటాడు. ఎందుకంటే అది నా పేరు, ఈ జన్మలో నాకు ఇంకో పేరు రాదు అంటాడు. ప్రాక్టర్ పాత్ర చదివింది బేస్‌బాల్ ఆడే ఒక కుర్రాడు. రోజూ చూయింగ్ గమ్ నములుతూ గొణిగినట్టు చదివేవాడు. ఆ రోజు గమ్ తీసేసి లేచి నిలబడి చదివాడు. రేడియేటర్ టకటక తప్ప క్లాసులో ఇంకో చప్పుడు లేదు.

మర్నాడు టీచర్ మిల్లర్ సంగతి చెప్పారు. కమ్యూనిస్టుల వేట జరుగుతున్న రోజుల్లో ఈ నాటకం రాశాడనీ, 1956లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ కమిటీ ఆయన్నే పిలిచి, కమ్యూనిస్టు రచయితల సమావేశాలకి నీతోపాటు ఎవరెవరు వచ్చారో పేర్లు చెప్పమని అడిగిందనీ, ఆయన చెప్పనన్నాడనీ. ఆ మరుసటి ఏడాది కాంగ్రెస్ ధిక్కారం కింద నేరం రుజువైందన్నారు, 1958లో అప్పీలు కోర్టు కొట్టేసింది. నాటకంలో ప్రాక్టర్ కూడా వేరేవాళ్ళ పేర్లు చెప్పనంటాడు. ఆ మాట ఏ పేజీలో ఉందో వెతకమన్నారు. అందరం పేజీలు తిప్పాం. ముప్ఫై పుస్తకాలు ఒకేసారి తిరగేసే ఆ చప్పుడు ఇప్పుడు నా కూతురి క్లాసులో లేదు. వాళ్ళకి అన్నీ ల్యాప్‌టాప్ తెర మీదే.

*

'ఏ పేజీలో ఉంది?' ఆవిడ రోజుకి ఇరవైసార్లు అడిగే ప్రశ్న అది. ఏమైనా చెప్పు, ఎంత వింతగానైనా చెప్పు, కానీ ఆ మాట పుస్తకంలో ఎక్కడుందో చూపించు. తెనాలిలో మాకు ప్రశ్నలకి జవాబులు గైడ్‌లో ఉండేవి. ఇక్కడ కూడా పసుపు నలుపు చారల క్లిఫ్స్ నోట్స్ పిల్లల బ్యాగుల్లో దాక్కుని ఉండేవి. అందులోంచి తెచ్చిన వాక్యాన్ని ఆవిడ ఆ ప్రశ్న ఒక్కటి వేసి పట్టేసేవారు.

మొదటి వ్యాసం తిరిగొచ్చిన రోజు ఎప్పటికీ మర్చిపోను. రెండు పేజీల వ్యాసం, లైబ్రరీలో కూర్చుని టైప్ చేసి ఫ్లాపీలో దాచుకుని ప్రింటు తీసింది. అంచుల్లో మూడుచోట్ల ఆకుపచ్చ ఇంకుతో 'సో వాట్?' అని ఉంది. అయితే ఏంటట? అని. బస్సులో కిటికీవైపు తిరిగి ఏడ్చాను. రాత్రి నాన్న ఆ కాగితం చూసి, ఒక టీచరు పిల్లతో ఇలా మాట్లాడొచ్చా అని చాలాసేపు బాధపడ్డారు. మర్నాడు ధైర్యం చేసి క్లాసయ్యాక వెళ్ళి, తప్పు ఏం రాశానో చెప్పండి మేడమ్ అన్నాను. ఆవిడకి నా మొహం చూడగానే అర్థమైంది. కుర్చీ చూపించి కూర్చోబెట్టి, తప్పేం లేదు, నువ్వు చూసింది నిజమే, అది చూశాక నీకేం తెలిసిందో చెప్పకుండా ఆపేశావు, ఆ మిగతాది నాకు కావాలి అన్నారు. ఆ రోజు నుంచి ఆ రెండు మాటలు నాకు తిట్టులా కనిపించలేదు. నా మాట వినడానికి ఎవరో ముందుకు వంగి కూర్చున్నట్టు ఉండేది.

నిజానికి ఈ చదువు నాకు కొత్త కాదని నవంబర్‌లో తెలిసింది. జెఫర్సన్ రాసిన స్వాతంత్ర్య ప్రకటన చదువుతున్నాం. ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద పారదర్శకమైన షీటు పెట్టి, ఇంగ్లండు రాజు మీద ఆరోపణల జాబితా చూపించారు. దాదాపు ప్రతి వాక్యమూ 'హీ హ్యాజ్' అనే మొదలవుతుంది. అతను ఇది చేశాడు, అతను అది చేశాడు, అతను... ఇలా ఒకే మాట తిరిగి తిరిగి వస్తే చదివేవాళ్ళకి ఏమవుతుంది అని అడిగారు. నాకు చప్పున తాతయ్య గొంతు వినిపించింది.

మా అమ్మ వాళ్ళ నాన్నగారు, అంటే మా తాతయ్య, తెలుగు పండితులుగా పనిచేసి రిటైరయ్యారు. సాయంత్రం అరుగు మీద పడక్కుర్చీ వేసుకుని పద్యం చెప్పించేవారు. ప్రతిపదార్థం అయ్యేదాకా తాత్పర్యం జోలికి వెళ్ళనిచ్చేవారు కాదు. సొంతంగా ఏదైనా కలిపి చెబితే, "పద్యంలో ఎక్కడుందే ఆ మాట?" అనేవారు. ఆ రోజు క్లాసులో చెయ్యెత్తి, మా భాషలో ఇలాంటి పద్యం ఒకటుంది అన్నాను. చెప్పమన్నారు. లేచి నిలబడి పోతన పద్యం చెప్పాను. కలడందురు దీనులయెడ, కలడందురు పరమయోగి గణముల పాలం, కలడందు రన్నిదిశలను, కలడు కలండనెడివాడు కలడో లేడో.

ఇందులో మొదలు మొదలు ఏ మాట వస్తోందో విన్నారా అని క్లాసుని అడిగారు టీచర్. ముగ్గురు నలుగురు 'కలడందు' అని పట్టుకున్నారు. అర్థం చెప్పమంటే తాతయ్య చెప్పినట్టే చెప్పాను. మొసలి పట్టిన ఏనుగు దేవుణ్ణి పిలుస్తోంది. ఉన్నాడంటారు, ఉన్నాడంటారు, ఉన్నాడంటారు. ఆ 'అంటారు' లోకం మాట. ఏనుగు సొంత మాట చివర్లో వస్తుంది, ఉన్నాడో లేడో అని. మూడుసార్లు లోకం మాట చెబితే గానీ తన సొంత మాట చెప్పడానికి దానికి ధైర్యం రాలేదని తాతయ్య అనేవారు. టీచర్ కాఫీ కప్పు కిందపెట్టి ఆ మాట తన పుస్తకంలో రాసుకున్నారు.

ఆ ప్రకటనలో కొట్టేసిన భాగం కూడా మాకు చూపించారు. జెఫర్సన్ చిత్తుప్రతిలో బానిస వ్యాపారాన్ని తిడుతూ ఆ పాపం రాజు మీద వేసిన పేరా ఒకటి ఉంది. కాంగ్రెస్ దాన్ని తీసేసింది. జెఫర్సన్‌కే బానిసలున్నారు. తీసేసిన మాట కూడా చదవాల్సిందే అనేవారు టీచర్. తర్వాత లింకన్ గెటిస్‌బర్గ్ ప్రసంగం వచ్చినప్పుడు, 'నాలుగు ఇరవైలూ ఏడేళ్ళ కిందట' అన్నాడు కదా, లెక్క వేయండి అన్నారు. 1863లోంచి 87 తీసేస్తే 1776, స్వాతంత్ర్య ప్రకటన ఏడాది. రాజ్యాంగం రాసిన 1787 దగ్గర్నుంచి ఎందుకు లెక్కపెట్టలేదు? క్లాసు చాలాసేపు తన్నుకులాడింది. ఆఖరికి ఎవరో, మనుషులంతా సమానమన్న మాట 1776 కాగితంలో ఉంది, 1787 దాంట్లో బానిసని అయిదింట మూడు వంతులుగా లెక్కేశారు అన్నారు. ఒక్క అంకెలో అంత పట్టుదల దాగి ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు. ఆదివారం ఫోనులో తాతయ్యకి చెబితే ఆయన కూడా కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మీ టీచరు మంచి పండితురాలమ్మా" అన్నారు.

ఆ ఆదివారం ఫోన్ల గురించి ఒక మాట చెప్పాలి. కాలింగ్ కార్డు కొనుక్కొచ్చి, వెనక బూడిద రంగు పట్టీని నాణెంతో గీకి, ముందు ఒక పొడుగు నంబరు, తర్వాత పిన్, తర్వాత తెనాలి నంబరు. ఒక ఆడగొంతు ఇన్ని నిమిషాలున్నాయని చెప్పేది. మన మాట అక్కడికి చేరి వాళ్ళ మాట వచ్చేలోపు సముద్రం పట్టేంత ఖాళీ. ఆ ఖాళీలో ఇద్దరం ఒకేసారి మాట్లాడి, ఇద్దరం ఆగేవాళ్ళం.

చలికాలంలో థోరో 'వాల్డెన్' చదివినప్పుడు తాతయ్య ఎంత సంబరపడ్డారో. 1854లో వచ్చిన పుస్తకం. వాల్డెన్ చెరువు గడ్డకట్టాక మంచుని దిమ్మలుగా కోసి ఓడల్లో ఎగుమతి చేయడం చూసి, మద్రాసు, బొంబాయి, కలకత్తా మనుషులు నా చెరువు నీళ్ళు తాగుతారన్నమాట అని రాస్తాడు థోరో. వెంటనే, పొద్దున్నే నేను భగవద్గీతలో నా బుద్ధికి స్నానం చేయిస్తాను అంటాడు. తాతయ్య కుర్రతనంలో మద్రాసులో చదువుకున్నారు. తిరువల్లిక్కేణిలో సముద్రం ఎదురుగా ఉన్న ఐస్ హౌస్ ముందు నుంచి రోజూ నడిచేవారట. బోస్టన్ వైపు నుంచి ఓడల్లో వచ్చిన మంచు దాచడానికి కట్టిన మేడ అది. తర్వాత 1897లో వివేకానందుడు అక్కడ తొమ్మిది రోజులున్నాడు. "ఆ మంచు మీ ఊళ్ళ నుంచా వచ్చింది!" అన్నారు. మీ ఊళ్ళు అని ఆయన అనడం అదే మొదటిసారి. నాకు ఒకపక్క ముచ్చటేసింది, ఒకపక్క గుండె చివుక్కుమంది.

*

అమ్మ తెలుగు మీడియంలో ఇంటర్ దాకా చదివింది. ఆ మొదటి ఏడాది అమ్మకి మాట్లాడే మనిషే లేదు. పొద్దున్న మేమిద్దరం వెళ్ళిపోతే సాయంత్రం దాకా కిటికీ, టీవీ. ఇంట్లో గట్టిగా చదివితే ఉచ్చారణ బాగుపడుతుందని టీచర్ చెప్పారు కాబట్టి, వంటగదిలో స్టూలు వేసుకుని అమ్మకి చదివి వినిపించేదాన్ని. ఒక పేరా ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో. అమ్మ బెండకాయలు తరుగుతూనో చపాతీలు ఒత్తుతూనో వినేది.

ఫ్రెడరిక్ డగ్లస్ తన కథ రాసుకున్న పుస్తకం అలా విన్నాం ఇద్దరం. 1845లో అచ్చయింది. బానిసగా పుట్టిన పిల్లవాణ్ణి బాల్టిమోర్‌లో ఒక ఇంటికి పంపుతారు. ఇల్లాలు వాడికి అక్షరాలు నేర్పడం మొదలుపెడుతుంది. భర్త చూసి ఆపిస్తాడు, చదువొస్తే వీడు బానిసగా పనికిరాడు అంటాడు. ఆ మాట వినే పిల్లవాడికి దారి దొరుకుతుంది. వాళ్ళు దేనికి భయపడుతున్నారో అదే తనకి కావాలని. ఇక ఆ ఇంట్లో రొట్టెకి లోటు లేదు కాబట్టి, జేబులో రొట్టె పెట్టుకుని వీధిలోకి వెళ్ళి, ఆకలితో ఉన్న తెల్ల పేదపిల్లలకి ఇచ్చి, బదులుగా వాళ్ళ దగ్గర చదవడం నేర్చుకుంటాడు.

అమ్మ చపాతీల కర్ర ఆపింది. "ఆ పిల్లల పేర్లేంటి?"

"చెప్పలేదమ్మా."

"చూడు. చెప్పే ఉంటాడు. అక్షరం చెప్పినవాళ్ళ పేరు ఎవరైనా మర్చిపోతారా?"

కిందికి చదివాను. ఉంది. ఆ పిల్లల్లో ఇద్దరు ముగ్గురి పేర్లు చెప్పాలని నాకు ఎంతో ఉంది, కానీ చెప్పకూడదు అంటాడు. తనకి ఏమీ కాదు, వాళ్ళకి ఇబ్బంది కావచ్చు, ఎందుకంటే ఈ క్రైస్తవ దేశంలో బానిసకి చదువు చెప్పడం క్షమించరాని నేరం లాంటిది. ఆ చిన్నవాళ్ళ గురించి ఇంతమాత్రం చెబుతాను, వాళ్ళు ఫిల్‌పాట్ వీధిలో, డర్గిన్ అండ్ బెయిలీ ఓడల యార్డుకి చాలా దగ్గర్లో ఉండేవారు.

అమ్మ కాసేపు ఊరుకుని, "పేరు చెప్పకుండానే ఇంటి గుర్తు చెప్పాడు" అంది. మళ్ళీ కర్ర తీసుకుంది.

మర్నాడు ఆ మాట క్లాసులో చెప్పాను, మా అమ్మ అంది అనే చెప్పాను. టీచర్ అందరిచేతా ఆ పేజీ తీయించారు. నా పక్కన కూర్చునే నల్లమ్మాయి, ఆ క్లాసులో నాతో మొదట మాట్లాడింది తనే, చెయ్యెత్తి ఒక సంగతి చెప్పింది. ఈ పుస్తకం రాసేటప్పటికి డగ్లస్ ఇంకా పారిపోయి వచ్చిన బానిసే కదా, యజమాని పేరు, ఊరి పేరు అన్నీ రాసేశాడు, తనని పట్టుకోవడానికి కావాల్సినవన్నీ తనే ఇచ్చాడు, ఆ పిల్లల్ని మాత్రం దాచాడు అంది. నిజమే. పుస్తకం వచ్చిన ఏడాదే ఆయన బ్రిటన్ వెళ్ళిపోవాల్సి వచ్చింది. తర్వాతి ఏడాది అక్కడి స్నేహితులు డబ్బు పోగుచేసి ఆయన స్వేచ్ఛని కొన్నారు. బోర్డు మీద టీచర్ ప్రాక్టర్, మిల్లర్, డగ్లస్ అని మూడు పేర్లు పక్కపక్కన రాసి, ఏమీ అనకుండా గంట కొట్టేదాకా అలా వదిలేశారు.

*

మార్చిలో 'హకల్‌బెరీ ఫిన్'. మార్క్ ట్వెయిన్ పుస్తకం అమెరికాలో 1885లో వచ్చింది. నల్లవాళ్ళని కించపరిచే ఒక మాట అందులో రెండొందలసార్లకి పైగా ఉంది. పుస్తకం పంచకముందు ఒక పీరియడ్ మొత్తం టీచర్ దాని గురించే మాట్లాడించారు. కుర్చీలు గుండ్రంగా వేసుకున్నాం. నా పక్కన కూర్చునే ఆ స్నేహితురాలు, నేను ఆ మాట వినడానికి ఈ గదికి రావడం లేదు అంది. గొంతు వణకలేదు. ఈ గదిలో ఎవరూ దాన్ని పైకి చదవరు, కానీ అచ్చులో ఉన్నదాన్ని లేదని నటించం అన్నారు టీచర్. అలాగే చదివాం. ఆ మాట వచ్చినచోట ఒక్క క్షణం ఆగి ముందుకు వెళ్ళేవాళ్ళం. ఆ పుస్తకం పిల్లలకి చెప్పాలా వద్దా అని ఇప్పటికీ వాదిస్తుంటారు. నా అనుభవంలో, ఆ అమ్మాయి మాట ముందు విన్నారు కాబట్టే మా క్లాసులో అది చదవగలిగాం.

ముప్ఫై ఒకటో అధ్యాయంలో హక్ అనే కుర్రాడు, పారిపోయిన బానిస జిమ్ ఎక్కడున్నాడో చెబుతూ యజమానురాలికి ఉత్తరం రాస్తాడు. రాయగానే పాపం కడిగేసుకున్నట్టు ఉంటుంది వాడికి. తర్వాత తెప్ప మీద జిమ్ తనని ఎలా చూసుకున్నాడో గుర్తొస్తుంది. సరే, అయితే నరకానికే పోతాను అని ఆ ఉత్తరం చింపేస్తాడు. మంచిపని చేస్తూ అది పాపమని ఎందుకు అనుకున్నాడు? వాడికి పాపం, పుణ్యం నేర్పింది ఎవరు? దాని మీద వ్యాసం రాయమన్నారు. మీ సొంత జీవితంలోంచి ఒక ఉదాహరణ ఇవ్వొచ్చన్నారు.

నేను గ్లాసు గురించి రాశాను. తెనాలిలో పెరటి గూట్లో సొట్టలు పడ్డ సత్తు గ్లాసు ఒకటుండేది. అంట్లు తోమే ఆవిడకి అందులోనే కాఫీ. ఆవిడ గ్లాసు కింద పెట్టి ఎడంగా జరిగితే, అమ్మమ్మ పైనుంచి పోసేది. తాగి, కడిగి, మళ్ళీ గూట్లో బోర్లించేది. చిన్నప్పుడు ఒకసారి నేను ఆ గ్లాసుతో నీళ్ళు తాగితే, అమ్మమ్మ నా వీపు మీద ఒక్కటేసి నోరు కడిగించింది. ఇంట్లో అంతా మంచివాళ్ళే. పద్యంలో ఒక్క మాట తప్పిపోనివ్వని తాతయ్య ఆ ఇంట్లోనే ఉన్నారు. నాకు నేర్పిన పాపం, పుణ్యం అవి. అంతా రాశాను. నాలుగు పేజీలు వచ్చింది.

కాగితం తిరిగొచ్చినప్పుడు అంచుల్లో 'సో వాట్?' ఎక్కడా లేదు. చివరి పేజీలో ఆకుపచ్చ ఇంకుతో ఒక్క ప్రశ్న. ఆవిడ పేరేంటి?

నాకు తెలియదు. పుట్టినప్పటి నుంచి చూసిన మనిషి. అందరం 'పాప వాళ్ళమ్మ' అనేవాళ్ళం. అమ్మని అడిగాను. అమ్మ చాలాసేపు ఆలోచించి, తల అడ్డంగా ఊపి, లేచి వెళ్ళి బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది.

ఆదివారం కార్డు గీకి ఫోను చేశాను. హక్ కథ చెప్పాను, ఉత్తరం చింపేయడం చెప్పాను, గ్లాసు గురించి రాశానని చెప్పాను. టీచరు అడిగిన ప్రశ్న చెప్పాను. సముద్రం పట్టేంత ఖాళీ వచ్చింది. ఖాళీ అయిపోయాక కూడా తాతయ్య మాట్లాడలేదు. వెనకనుంచి అమ్మమ్మ, ఏమిటంటోంది పిల్ల, అని అడగడం వినిపించింది. ఆయన చెప్పారు. అమ్మమ్మ ఫోను దగ్గరికి వచ్చి ఒక పేరు చెప్పింది. ఎప్పటి నుంచో తెలిసిన పేరే అన్నట్టు, తడుముకోకుండా చెప్పింది. ఇంకో నిమిషం ఉందని ఆడగొంతు అడ్డం వచ్చింది. తాతయ్య మళ్ళీ ఫోను తీసుకుని, "బాగా చదువుతున్నావమ్మా" అన్నారు. ఆయన గొంతు బాలేదు. లైను తెగిపోయింది.

రెండేళ్ళ తర్వాత వెళ్ళినప్పుడు ఆ గ్లాసు అదే గూట్లో ఉంది. ఆవిడ అప్పటికే పని మానేసింది. తాతయ్య ఆ సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అరుగు మీద కూర్చుని 'వాల్డెన్' లోంచి మంచు గురించి రాసిన పేజీ చదివి వినిపించమన్నారు. చదివాను.

మే నెలలో 'ది గ్రేట్ గాట్స్‌బీ' కూడా చదివాం. అప్పుడు నాకు ఎక్కలేదు. నాకు ముప్ఫై అయిదేళ్ళు దాటాక గానీ, గాట్స్‌బీ నీళ్ళకి అవతల చూస్తూ ఉండే ఆ ఆకుపచ్చ దీపం నాకు కనిపించలేదు. జూన్‌లో అట్టలు విప్పి పుస్తకాలు తిరిగి ఇచ్చేశాం. నా గడిలో టీచర్ 'ఫెయిర్' అని రాశారు.

నిన్న రాత్రి ఇదంతా రాస్తూ పేరు దగ్గరికి వచ్చాక చాలాసేపు ఆగిపోయాను. రాయాలని చేయి లాగుతోంది. కానీ ఆవిడ మనవలు ఆ ఊళ్ళోనే ఉన్నారు, ఆ గ్లాసు కథ పక్కన తమ నాయనమ్మ పేరు చూడటం వాళ్ళకి ఇష్టమో కాదో నేను అడగలేదు. అందుకని ఇంతమాత్రం చెబుతాను. వాళ్ళ ఇల్లు తెనాలిలో కాలువ గట్టు మీద, రైలు కట్టకి ఈవల, పాత బియ్యం మిల్లు వెనక ఉండేది. ముందు వేపచెట్టు, చెట్టుకింద నులక మంచం.